టోక్విల్ ‘అమెరికాలో ప్రజాస్వామ్యం’ – స్థానికాధికారి చిత్రణ: విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఫ్రెంచి రాజనీతి చింతకుడు అలెక్సిస్ ద టోక్విల్ రచించిన ‘అమెరికాలో ప్రజాస్వామ్యం’ గ్రంథంలో స్థానికాధికారి రెండు వేర్వేరు రూపాలలో కనిపిస్తాడు. న్యూ ఇంగ్లండ్ స్థానిక పాలనను వివరించే అధ్యాయంలో అతడు ప్రజలకు జవాబుదారీ. అధిక సంఖ్యాకుల నిరంకుశత్వాన్ని చర్చించే అధ్యాయంలో అతడు నిస్సహాయుడు. ఈ రెండు చిత్రాలకు మూలం ఒక్కటేనని, రచయిత వాటిని కలిపి చూడకపోవడమే ఈ గ్రంథంలోని ప్రధాన లోపమని ఈ వ్యాసం నిరూపిస్తుంది.

కీలక పదాలు: టోక్విల్, టౌన్‌షిప్, సెలెక్ట్‌మెన్, కౌంటీ న్యాయస్థానం, స్థానిక స్వపరిపాలన, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం:
1831 మే నెలలో టోక్విల్ తన మిత్రుడు గుస్తావ్ ద బోమోంతో కలిసి అమెరికా చేరాడు. కారాగార వ్యవస్థను అధ్యయనం చేయడం వారికి ప్రభుత్వం అప్పగించిన పని. సుమారు తొమ్మిది నెలల పర్యటన ఫలితంగా వెలువడిన ఈ గ్రంథంలో మొదటి భాగం 1835లో, రెండవ భాగం 1840లో అచ్చయ్యాయి. ఫ్రాన్స్‌లో అధికారమంతా రాజధానిలో కేంద్రీకృతమై ఉండేది. జిల్లా అధికారి పై నుంచి నియమితుడై, పైవారికే సమాధానం చెప్పేవాడు. ఆ వ్యవస్థను ఎరిగిన టోక్విల్‌కు మసాచుసెట్స్ గ్రామసీమలు ఆశ్చర్యం కలిగించాయి. అక్కడ పాలన సాగుతోంది కాని, పాలించేవాడు కంటికి కనిపించడు. ఈ ఆశ్చర్యం నుంచే స్థానికాధికారిపై అతని విశ్లేషణ మొదలవుతుంది.

2. పంచుకున్న అధికారం:
న్యూ ఇంగ్లండ్‌లో ‘టౌన్‌షిప్’ అంటే పట్టణం కాదు. సాగుభూములతో, ఇళ్లతో కూడిన గ్రామసీమ. టోక్విల్ లెక్క ప్రకారం దాని జనాభా సాధారణంగా రెండు మూడు వేలు. ఏటా ఏప్రిల్‌లోనో మేలోనో ఓటర్ల సభ జరుగుతుంది. సెలెక్ట్‌మెన్ అనే పాలకులను ఆ సభ ఎన్నుకుంటుంది. చిన్న టౌన్‌షిప్‌లో వీరు ముగ్గురు, పెద్దదానిలో తొమ్మిది మంది. పన్ను నిర్ణయించేవారు, వసూలు చేసేవారు, కానిస్టేబుల్, క్లర్కు, కోశాధికారి, పేదల సంరక్షకులు, రహదారి తనిఖీదారులు వీరికి తోడు. ప్రధాన పదవులు మొత్తం 19 అని టోక్విల్ పేర్కొన్నాడు.

టౌన్‌షిప్ క్లర్కును చూస్తే తెలుగు పాఠకునికి కరణం స్ఫురించవచ్చు. కాని కరణీకం వంశపారంపర్యంగా సాగేది. ఈ క్లర్కు మాత్రం ఏటా ఎన్నిక కావలసినవాడు.

సెలెక్ట్‌మెన్ కొత్తగా ఏ పని తలపెట్టినా సభ అనుమతి తప్పనిసరి. బడి కట్టాలంటే ఓటర్లను పిలిచి, అవసరాన్నీ ఖర్చునూ వివరించి, ఆమోదం పొందాలి. పది మంది ఆస్తిపరులు కోరితే సభను పిలవక తప్పదు. ఎన్నికైనవాడు పదవిని నిరాకరిస్తే జరిమానా. అధికారులకు నెల జీతం లేదు. చేసిన ఒక్కొక్క పనికి నిర్ణీత రుసుము ముడుతుంది. ఇక్కడ అధికారం హోదా కాదు, వంతులవారీగా మోయవలసిన బరువు. వసూలు కాని పన్నుకు వసూలుదారే స్వయంగా బాధ్యుడయ్యే నియమం మసాచుసెట్స్‌లో ఉండేదన్న చారిత్రక వాస్తవం ఈ పరిశీలనను బలపరుస్తుంది.

3. న్యాయస్థానం ద్వారా అదుపు:
పై అధికారి లేనిచోట కింది అధికారి చట్టాన్ని ఎందుకు పాటిస్తాడు? ఈ ప్రశ్న వేయడంలోనే టోక్విల్ ప్రతిభ ఉంది. ఎన్నిక, న్యాయస్థానం అనే రెండు సమాధానాలను అతడు చూపాడు. ఎన్నికైనవాణ్ణి మధ్యలో తొలగించలేరు. కనుక తప్పు చేసిన అధికారిని కోర్టుకు ఈడ్చే మార్గం ఉండాలి. ఎన్నిక విస్తరించిన కొద్దీ న్యాయస్థానం అధికారం కూడా విస్తరించాలన్నది అతని సూత్రం. కౌంటీ స్థాయిలోని సెషన్స్ కోర్టు ఈ పని చేస్తుంది. రహదారులను బాగుచేయని టౌన్‌షిప్‌కు అది జరిమానా విధించగలదు.

అయితే ఫిర్యాదు లేనిదే కోర్టు కదలదు. అందుకే అమెరికా చట్టం స్వార్థాన్ని సాధనంగా వాడుకుంటుంది. నష్టపోయినవాడు దావా వేస్తాడు. ప్రత్యేకంగా ఎవరూ నష్టపోని సందర్భంలో తప్పు బయటపెట్టినవాడికి జరిమానాలో వాటా ఇస్తారు. ఈ పద్ధతి నైతికతను దిగజార్చే ప్రమాదముందని టోక్విలే హెచ్చరించాడు. కాని దావా వేసే స్థితిలోనే లేనివారి సంగతేమిటన్న ప్రశ్న వరకు అతని విశ్లేషణ సాగలేదు.

4. సామీప్యానికి రెండో ముఖం:
ఈ ప్రశ్నకు ఆధారాలు గ్రంథంలోనే ఉన్నాయి. తాగుబోతుల పేర్లను మద్యశాలల్లో ప్రకటించి, వారికి మద్యం అమ్మరాదని నిషేధించే అధికారం సెలెక్ట్‌మెన్‌కు ఉందని టోక్విల్ మరొక చోట నమోదు చేశాడు. నిరంకుశ రాజ్యంలోనూ ఇంతటి స్వేచ్ఛ అధికారికి దొరకదని అతడు గ్రహించాడు. తామే ఎన్నుకున్నవాడు, తామే మార్చగలవాడు గనుక ప్రజలు భయపడరని సమర్థన ఇచ్చాడు. ఆ సమర్థన ఓటు వేసిన అధిక సంఖ్యాకులకు వర్తిస్తుంది. మద్యశాల గోడపై పేరెక్కినవాడికి వర్తించదు.

అధిక సంఖ్యాకుల నిరంకుశత్వాన్ని చర్చించిన అధ్యాయంలో ఇది మరింత స్పష్టం. 1812లో బాల్టిమోర్‌లో యుద్ధాన్ని వ్యతిరేకించిన పత్రికపై జనం దాడి చేశారు. పిలిచినా మిలీషియా కదలలేదు. అధికారులు పత్రికా నిర్వాహకులను కాపాడడానికి జైలులో ఉంచవలసి వచ్చింది. జనం జైలునూ బద్దలుకొట్టారు. ఒకరు మరణించారు. నిందితులను జ్యూరీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. పెన్సిల్వేనియాలో స్వేచ్ఛ పొందిన నల్లజాతివారికి ఓటు హక్కు ఉన్నా వారు పోలింగుకు రాలేకపోయారు. అక్కడ వారిని రక్షించే ధైర్యం అధికారులకు లేదని టోక్విల్‌కు ఒక స్థానికుడు చెప్పాడు. 1838 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం ఓటును శ్వేతజాతి పురుషులకే పరిమితం చేసి ఆ భయాన్ని చట్టంగా మార్చింది.

టౌన్‌షిప్‌లో అధికారిని వినయశీలిగా నిలిపినదీ, బాల్టిమోర్‌లో అతణ్ణి నిస్సహాయుణ్ణి చేసినదీ ఒకే కారణం. అతని బలమంతా ఇరుగుపొరుగు సమ్మతి నుంచే వస్తుంది. ఆ సమ్మతి దక్కని వ్యక్తిని అతడు రక్షించలేడు. టోక్విల్ ఈ రెండు సత్యాలనూ కనుగొన్నాడు. కాని ఒకదానిని స్థానిక సంస్థల గుణంగా, రెండవదానిని ప్రజాస్వామ్యపు దోషంగా విడదీశాడు.

5. గ్రంథం వెలుపలి సాక్ష్యం:
చరిత్ర ఈ విమర్శను బలపరుస్తుంది. వలస కాలపు మసాచుసెట్స్‌లో కొత్తగా వచ్చిన పేదలకు సెలెక్ట్‌మెన్ ఉత్తర్వుపై కానిస్టేబుల్ హెచ్చరిక అందించేవాడు. వారి పోషణ భారం టౌన్‌షిప్‌పై పడకుండా చూడడం దాని ఉద్దేశం. పేదల పోషణను అతి తక్కువ మొత్తానికి ఒప్పుకున్నవారికి వేలంలో అప్పగించే పద్ధతి న్యూ ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దంలోనూ కొనసాగింది. ఖర్చు తగ్గించాలన్న కోరిక ఓటర్లది. దాన్ని నెరవేర్చినవాడు వారు ఎన్నుకున్న అధికారి. వేలంలో నిలబడినవాడి తరఫున అడిగేవారు లేరు.

దక్షిణాదిలో కొన్నిచోట్ల ఎన్నిక కూడా లేదు. వర్జీనియా కౌంటీ న్యాయస్థానంలో ఖాళీలకు పేర్లు సూచించేది సభ్యులే. నియామకం గవర్నరు చేతుల మీదుగా జరిగేది. ఈ స్వయం నియామకాన్ని, జీవితకాల పదవిని 1816లో శామ్యూల్ కెర్చెవాల్‌కు రాసిన లేఖలో థామస్ జెఫర్సన్ తీవ్రంగా ఖండించాడు. ఆ న్యాయమూర్తులను ప్రజలు ఎన్నుకునే విధానం 1851 రాజ్యాంగంతో గాని రాలేదు. మరణశిక్షకు తగిన నేరాలు మోపిన బానిసలను జ్యూరీ లేకుండా విచారించే ఏర్పాటు ఆ రాష్ట్రంలో 1692 నుంచే ఉంది. దక్షిణానికి వెళ్లిన కొద్దీ టౌన్‌షిప్ బలహీనపడి కౌంటీ బలపడుతుందని టోక్విల్ గుర్తించాడు. బానిసత్వంపై మొదటి భాగం చివర విస్తృతంగా రాశాడు. ఈ రెండింటికీ మధ్య నిలిచిన స్థానిక న్యాయమూర్తి మాత్రం అతని దృష్టికి అందలేదు.

6. ముగింపు:
స్థానికాధికారిని ప్రజలకు దగ్గర చేయడం స్వేచ్ఛకు పునాది అని టోక్విల్ నిరూపించాడు. ఆ నిరూపణ నేటికీ విలువైనదే. కాని దగ్గరతనం దయకు హామీ కాదు. ఓటు, దావా ఈ రెండూ ఉన్నవారికే అధికారి జవాబుదారీ. అవి లేని పరదేశి పేదకూ, బానిసకూ అదే అధికారి అత్యంత సమీపాన ఉన్న ప్రమాదం. కనుక స్థానిక పాలనపై టోక్విల్ రాసిన అధ్యాయాన్ని అతని ‘అధిక సంఖ్యాకుల నిరంకుశత్వం’ అధ్యాయంతో కలిపి చదవాలి. స్థానిక స్వపరిపాలనను కొలవడానికి సభకు వచ్చినవారి సంఖ్య ఒక్కటే చాలదు. సభలోకి రాలేనివారిపై దాని అధికారి ఎలా ప్రవర్తించాడన్నది కూడా లెక్కలోకి రావాలి.