రాకెట్ దారిలోని నేల, దాన్ని గీసిన చేయి

శ్రీహరికోట అనగానే బడిపిల్లలకు రాకెట్ గుర్తొస్తుంది. యానాదులు గుర్తురారు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న ఆ దీవిని 1969లో రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న తొలి రాకెట్ ఎగిరింది. అడవిలో దుంపలు, తేనె, మూలికలు సేకరిస్తూ, సరస్సులో చేపలు పడుతూ బతికిన మన యానాది కుటుంబాలు ఎన్నో దీవి విడిచాయి.

సరిగ్గా ఇలాంటి కథే ఆస్ట్రేలియా పశ్చిమ ఎడారిలో నడిచింది. 1960లలో ఊమెరా కేంద్రం నుంచి బ్రిటన్ బ్లూ స్ట్రీక్ రాకెట్లను పరీక్షించింది. రాకెట్ దారి కింద ఉన్న ఆదివాసులను వెదికి తరలించడానికి అధికారులు ఎడారంతా తిరిగారు. ఆ కాలంలో పింటుపి కుటుంబాలు పపున్యా అనే సర్కారు ఊరికి చేరాయి. అక్కడి పెద్దలు 1971లో, మన దీవి నుంచి రాకెట్ ఎగిరిన ఏడాదే, అట్టల మీద తమ నేలను గీయడం మొదలుపెట్టారు.

ఒక చిన్న కుటుంబం మాత్రం ఎడారిలోనే ఉండిపోయింది. ఆ తొమ్మిది మంది 1984లో గానీ బయటి బంధువులను కలవలేదు. వాళ్లలో ఒక యువకుడు వార్లింపిరంగ జపల్జారి. 1987లో బొమ్మలు మొదలుపెట్టాడు. 2012లో జర్మనీలోని కాసెల్‌లో, 2015లో న్యూయార్క్‌లో అతని బొమ్మలు ప్రదర్శించారు.

అతని బొమ్మలో మనిషి ఉండడు, చెట్టు ఉండదు. వంకరలు తిరిగే సన్నని చుక్కల గీతలు వందల కొద్దీ పక్కపక్కనే సాగుతాయి. కాసేపు చూస్తే నేల కదిలినట్టు కళ్లు చెదురుతాయి. అవి ఇసుక దిబ్బలు, మెకే ఉప్పు సరస్సు, పూర్వీకులు నడిచిన దారులు. పట్నపు విమర్శకులు వీటిని నైరూప్య కళ అంటారు. మేం ఒప్పుకోం. నడిచి తెలుసుకున్న నేల అది. అతనికి అందులో ప్రతి మలుపూ తెలుసు. పెద్దలు చెప్పొద్దన్నది అతను చెప్పడు. కొన్నవాడికి బొమ్మ దక్కుతుంది, రహస్యం దక్కదు. ఇదే అతని బలం. అంగడి మాత్రం ఒకే రకం గీతను మళ్లీమళ్లీ అడుగుతుంది. కొన్ని బొమ్మల్లో చేయి అలవాటుగా సాగిందేమో అనిపిస్తుంది.

పింటుపిలు 1981 నుంచి సొంత నేలకు తిరిగి వెళ్లారు. 2001లో కివిర్‌కుర ప్రాంతంపై వాళ్ల హక్కును కోర్టు గుర్తించింది. శ్రీహరికోట విడిచిన మన పెద్దల్లో చాలామందికి ఆ దారి లేదు. వాళ్లకు మిగిలింది జ్ఞాపకమే. ఏ దొరువులో మంచినీళ్లు ఊరేవి, ఏ చెట్టు కింద ఏ దేవత ఉండేది, ఏ మూలిక ఎక్కడ దొరికేది అన్నది వాళ్లతోనే పోతోంది.

అందుకని పిల్లల చేత ఆస్ట్రేలియా చుక్కలు పెట్టించడం వల్ల ఏమీ రాదు. పంతుళ్లు, యువకులు తాత పక్కన, అవ్వ పక్కన కూర్చోవాలి. వాళ్లు ఇసుకలో వేలితో దీవిని గీస్తే చూడాలి, పేర్లు రాసుకోవాలి. చెప్పొద్దన్నవి వదిలేయాలి. మన బొమ్మ మన గీతతోనే మొదలవ్వాలి.