విశేషం లేని ‘విశేషము’

అర్థం పోయిన మాటలు రెండు రకాలు. పలికేవాళ్లు పోవడంతో అర్థం పోయినవి కొన్ని. పలికేవాళ్లు ఉండగానే, రాసేవాళ్లు వెళ్లి అడగక పోయినవి కొన్ని.

మొదటి రకం శాసనాల్లో దొరుకుతుంది. అమరావతి రాతి మీది ‘నాగబు’ను వేటూరి ప్రభాకరశాస్త్రి తెలుగు మాటగా గుర్తించారు. చివరి ‘బు’ దాని తెలుగుదనాన్ని పట్టిచ్చింది గాని, చుట్టూ వాక్యం లేదు. రేనాటి చోళుల శాసనాల్లోని ‘మఱుతురు’ పొలం కొలత అని దానం రాసిన తీరే చెబుతుంది. నేటి లెక్కలో ఎంతో మాత్రం తేలదు.

రెండో రకం నిఘంటువుల్లోనే ఉంది. 1885 నాటి శబ్దరత్నాకరంతో సహా పాత కోశాల్లో ఎన్నో చేపల, చెట్ల, పిట్టల పేర్లకు ఎదుట ఉండేది ‘మత్స్యవిశేషము’, ‘వృక్షవిశేషము’ అనే. సంస్కృత కోశాల నుంచి దిగిన అలవాటిది. విశేషము అన్నచోట విశేషమేమీ ఉండదు. పండితుడు కావ్యాలన్నీ గాలించాడు, రేవుకు మాత్రం వెళ్లలేదు. ఇంగ్లీషుకూ ఇదే తిప్పలు: షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’లోని ‘స్కామెల్’ పిట్టో, నత్తగుల్లో, అసలు అచ్చుతప్పో ఇప్పటికీ తేలలేదు.

మూలపేట వంటి శ్రీకాకుళం తీరపు ఊళ్లలో వలలో పడేది ఉత్త ‘చేప’ కాదు. కోనెం, చందువ, కవ్వలు, కానాగంతలు, నెత్తళ్లు. ఏ పేరు దేనిదో పట్టుకోవాలంటే చేపను ఎదుట పెట్టుకుని అడగాలి. శాస్త్రనామం, బొమ్మ, ఏ కాలంలో ఏ వలకు పడుతుందో రాసుకోవాలి. పిల్లకొక పేరు, పెద్దదానికొక పేరు ఉంటే రెండూ ఎక్కించాలి.

దారి వేసినవాళ్లు లేకపోలేదు. పర్వతాలపేటలో పుట్టి పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి సవర మాటలను సవరల నోటనే నేర్చి నిఘంటువు కట్టారు. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం 1962లో వ్యవసాయానికి, 1971లో చేనేతకు వచ్చింది; అందులోని మాటలు రైతులూ నేతగాళ్లూ జిల్లాల వారీగా చెప్పినవి.

ఈ తీరంలో మొదట అడగాల్సింది చేపల పేర్లు కాదు, అవి సంతలో ఇంకా వినబడుతున్నాయి. ఫైబర్ పడవలు వచ్చాక వాడుక తగ్గిన తెప్ప దుంగల పేర్లు, వాటిని బిగించే కట్ల పేర్లు, ఒడ్డు నుంచి లాగే పెద్దవల భాగాల పేర్లు ముందు రాసుకోవాలి. అవి తెప్ప కట్టిన పెద్దవాళ్లనే అడగాలి.