ఎవరు పోయారని అడక్కండి

మా మార్కాపురంలో తెల్లవారుజామున మైకులో ఘంటసాలగారి భగవద్గీత వినబడితే చాలు, వాకిట్లో ముగ్గేస్తున్న చెయ్యి ఆగిపోతుంది. "ఎవురు పోయినారమ్మా?" అని పిట్టగోడ మీంచి పక్కింటావిడ ప్రశ్న. తీరా చూస్తే ఎవరూ పోయి వుండరు. ఏ కాఫీ హోటలాయనో దేవుడి పటానికి దండవేసి పాట పెట్టుకుని వుంటాడు. అయినా మన గుండె ఒకసారి ఝల్లుమననే అంటుంది.

ఆమధ్య గిద్దలూరులో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. పెద్దమ్మ హారతి పాట లేకుండా ఆ వీధిలో పేరంటం జరిగేది కాదు. రెండేళ్ళ క్రితం గుండెకి ఆపరేషనయింది. మనిషి లేచి తిరుగుతోంది గానీ పాట మానేసింది. "సగం చరణంలో ఊపిరాడక ఆగితే నలుగురూ నవ్వరంటే?" అంటుంది. పొద్దున్నే మనవడు ఫోనులో గీత పెట్టాడు. "ఆపరా అబ్బయ్యా, నేనింకా బతికే వుండా!" అంది. అందరం ఫక్కున నవ్వాం. బస్సెక్కాక మాత్రం నాకా మాట ముల్లులా గుచ్చుకుంది.

నేను ఘంటసాలగారు పోయాక పుట్టినదాన్ని. ఆయన్ని క్యాసెట్లలోనే ఎరుగుదును. 1922లో పుట్టి, 1974 ఫిబ్రవరి 11న, యాభై ఒక్క యేళ్ళకే వెళ్ళిపోయారు. అప్పటికే మధుమేహం వుంది. దానికి తోడు 1972లో గుండెజబ్బు ఆయన్ని ఆసుపత్రి పాలు చేసింది. ఇంటికొచ్చి పాట కట్టిపెట్టి కూర్చోలేదు. 1973లో వచ్చిన 'భక్త తుకారాం', 'దేవుడు చేసిన మనుషులు', 'జీవన తరంగాలు' చిత్రాల్లో ఆయన గొంతు వుంది.

'జీవన తరంగాలు' యద్దనపూడి సులోచనారాణిగారి నవల అని మీకు నేను చెప్పాలా? సినిమాలో శవయాత్ర పాట గుర్తు చేసుకోండి. పోలీసులకు దొరక్కుండా పరుగెత్తుకొచ్చిన కొడుకు, ఎవరిదో తెలియక, కన్నతల్లి పాడెకే భుజమిస్తాడు. అలాంటి ఘట్టంలో చదివేవాళ్ళను ఏడిపించడం ఎంత తేలికో నవలలు రాసే నాకు తెలుసు. ఆత్రేయగారి మాటల్ని ఘంటసాలగారు ఏడవకుండా పాడారు. 1953 నాటి 'దేవదాసు'లో ఆ గొంతు పొంగే నది. ఇక్కడ అదే నది వేసవిలో, అడుగున రాళ్ళు కనబడేటంత తేటగా.

గీత కూడా ఆ చివరి రోజులదే. ఏడువందల శ్లోకాల్లోంచి నూరు పైచిలుకు తీసుకుని, తెలుగు తాత్పర్యంతో, తనే స్వరపరచుకుని హెచ్.ఎం.వి. వారికి పాడారు. రికార్డు బయటికొచ్చేసరికి ఆయన లేరు. అందుకేనేమో దాన్ని తీసుకెళ్ళి చావింటి గుమ్మానికి కట్టేశాం.

అందులో లోపాల్లేవనను. ఒక రాగంలో మనసు కుదురుకునేలోగా తాత్పర్యం వచ్చి లేపేస్తుంది. కచేరీలు విన్నవాళ్ళకు అర్ధాకలిగానే వుంటుంది. కానీ ఇంకోసారి వినండి. ఆ వచనం అర్థం చెప్పడానికే కాదు, వినేవాళ్ళకు దమ్ము తీసుకునే చోటు కూడా. శ్లోకంలో సాగదీత లేదు, సంగతుల ఆర్భాటం లేదు. నెలాఖరున ఇల్లాలు డబ్బాలన్నీ చూసుకుని, వున్నవాటితోనే కమ్మగా వండి పెట్టినట్టుంటుంది.

అసలు గీత చెప్పింది ఎవరికి? పోయినవాడికి కాదే! నోరెండిపోయి, ఒళ్ళు వణికి, చేతిలో విల్లు జారిపోయి, నావల్ల కాదని రథంలో చతికిలబడ్డవాడికి. లేవవయ్యా అని చెప్పిన మాట అది. ఆసుపత్రి నుంచి వచ్చి మళ్ళీ మైకు ముందు నిలబడ్డ మనిషి దాన్ని పాడుతూంటే, చతికిలబడ్డవాడూ లెమ్మన్నవాడూ ఒక్క గొంతులోనే వున్నారనిపిస్తుంది నాకు.

జబ్బుచేసి లేచినవాళ్ళు మళ్ళీ పని మొదలుపెడితే మనం రెండే మాటలంటాం. "పాపం, వెనకటి గొంతు లేదు" అని ఒకటి. "ఇంకా ఎందుకీ తాపత్రయం?" అని ఇంకొకటి. రెండూ జాలిలాగే వుంటాయి, రెండూ నోరు మూయించేవే. పాట ఆయన్ని బతికించిందని నేను చెప్పను. డాక్టరు వద్దంటే మానాల్సిందే. కానీ డాక్టరు వద్దనకపోయినా, నలుగురూ ఏమంటారోనని మానేసినవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమంది! వెనకటి గొంతుతో పోల్చడం మాని, యీ గొంతు యేం చెబుతోందో వింటే యేం పోయింది?

పెద్దమ్మకు యీ సంగతంతా ఫోనులో చెప్పాను. "బాగానే వుందిలే నీ ఉపన్యాసం" అంది. తరవాత వాళ్ళ పక్కింట్లో సీమంతానికి నేనూ వెళ్ళాను. హారతి పళ్ళెం తెచ్చారు. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. పెద్దమ్మ గొంతు సవరించుకుంది. శ్రుతి బాగా తగ్గించి, మధ్యలో రెండుసార్లు ఆగి, చిన్న పాటొకటి పూర్తిచేసింది.

ఎవరూ నవ్వలేదు. బయటికొచ్చాక నన్ను పక్కకి పిలిచి, "పెద్ద పాట పాడలేననుకునేవు. కర్పూరం అయిపోతుందని చిన్నది ఎత్తుకున్నానే" అంది.