బాణీ నుంచి వాద్యగోష్ఠి దాకా

సినిమా పాటకు బాణీ కట్టడం ఒక విద్య, ఆ బాణీని వాద్యాలకు పంచడం, అంటే వాద్యరచన, మరో విద్య. మొదటిది హార్మోనియం ముందు కూర్చుని ఒక్కరే సాధించవచ్చు. రెండోది మాత్రం వాయించేవారి మధ్య, వారి చెవులూ చేతులూ తోడుగా ఉంటేనే పట్టుబడుతుంది. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం తీరాన కొత్తగా సంగీత దర్శకత్వం మొదలుపెట్టే యువకుడికి ఈ రెండో విద్యే ముఖ్యం. దాని సంప్రదాయం నెల్లూరు సీమకు దూరమైనది కాదు.

మద్రాసు స్టూడియోల కాలంలో పాట పలువురి చేతుల మీదుగా తయారయ్యేది. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ సాహిత్యం ముందుంచుకుని బాణీ కట్టడంలో దిట్ట. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఆత్రేయ రాసిన పాటలెన్నో ఆయన చేతిలో రూపు దిద్దుకున్నాయి. స్వరాలు రాయడంలోనూ వాద్యకారులను నడపడంలోనూ ఆయనకు కుడిభుజం పుహళేంది. సంగీత దర్శకుడు, కవి, సహాయకుడు ఏళ్ల తరబడి కలిసి పనిచేయడం వల్ల ఒకరి మనసు ఒకరికి తెలిసేది. ఆ పాటల నిండుదనానికి ఈ సాహచర్యం పెద్ద కారణం.

సహచరులను వెతుక్కోవడంలో నెల్లూరుకు చెందిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం జీవితం మంచి ఉదాహరణ. హరికథా విద్వాంసుడు సాంబమూర్తి కుమారుడైన బాలు 1966లో ఎస్.పి. కోదండపాణి సంగీతంలో సినీరంగంలో అడుగుపెట్టాడు. తొలి రోజుల్లో ఆయన ఒక పాటల బృందం నడిపాడు. అందులో అనిరుద్ధ హార్మోనియం, ఇళయరాజా గిటారు, ఇళయరాజా అన్న భాస్కర్ తాళవాద్యం, తమ్ముడు గంగై అమరన్ గిటారు వాయించేవారు. ఇళయరాజా ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం చదివి, సంగీత దర్శకుడు జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా వాద్యరచనలో ఆరితేరాడు. 1976లో ‘అన్నక్కిళి’తో సంగీత దర్శకుడయ్యేనాటికే ఆయనకు స్టూడియో వాద్యకారుల బలాలూ పరిమితులూ లోపలి నుంచి తెలుసు.

వాద్యరచనలో మొదటి పాఠం స్థాయిల జ్ఞానం. వయొలిన్ అడుగు తీగ కంటే వయోలా అడుగు తీగ అయిదు స్వరాలు కిందిది. చెల్లో అంతకన్నా ఒక స్థాయి దిగువది. వేణువు మంద్రంలో మెత్తగా పలుకుతుంది, ఇత్తడి వాద్యాలు జోరందుకుంటే అక్కడ వినపడదు. గాయకుడు పాడే చోట అదే స్థాయిలో మరో వాద్యం కదిలితే మాట మసకబారుతుంది. అందుకే అనుభవజ్ఞులు గొంతు పలికేటప్పుడు నేపథ్యాన్ని పలచన చేసి, పాదానికీ పాదానికీ మధ్య దొరికే విరామాన్ని వాద్యాలకిస్తారు.

రెండో పాఠం రాగానికీ స్వరమేళానికీ (కార్డ్‌కు) పొత్తు కుదర్చడం. మోహన రాగంలో సగప, దసగ అనే రెండు మూడుస్వరాల మేళాలే దొరుకుతాయి. అంతకు మించి కోరితే రాగం దాటాలి. మాయామాళవగౌళలో సగప, రిమద రెండూ మేజర్ మేళాలే. పంచమం మీద మేజర్ మేళం కావాలంటే మాత్రం చతుశ్రుతి రిషభం చేర్చాలి, అది రాగంలో లేదు. ఇలాంటి చోట మేళాన్ని వదిలి, బాణీకి ఎదురు నడిచే మరో స్వరపంక్తి రాస్తే రాగం చెడదు, నిండుదనమూ వస్తుంది. గమకం ఎక్కువున్న పలుకును ఒంటరి వయొలిన్‌కో వేణువుకో ఇవ్వడం మేలు. పదిమంది వయొలిన్ వాద్యకారులు ఒకే గమకాన్ని ఒకేలా పలికించడం కష్టం, వారికి నిలకడ స్వరాలే అందం.

మూడో పాఠం మనిషి ఊపిరి. కీబోర్డులో దాచిన వేణునాదం ఎంతసేపైనా ఆగకుండా మోగుతుంది, మనిషికి అది సాధ్యం కాదు. రాసిన పంక్తిని నిజమైన వేణు విద్వాంసుడి చేత ఒక్కసారి వాయించి వింటే, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ స్వరసంధి చేతికి ఇబ్బందో వెంటనే తెలుస్తుంది. చిన్న బాణీని నాలుగు తంత్రీ వాద్యాలకు రాసి, విని, దిద్ది, మళ్లీ రాయడం ఎవరికైనా అందుబాటులో ఉన్న సాధన.

ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నంలో స్టూడియోలు లేకున్నా సహచరులకు లోటు లేదు. గుడి ఉత్సవాల నాదస్వరం, డోలు కళాకారులు, పెళ్లిళ్ల బ్యాండుమేళం, చర్చిలో కీబోర్డు, గిటారు వాయించే పిల్లలు, నెల్లూరు కాలేజీల్లో లఘుచిత్రాలు తీసే విద్యార్థులు ఈ విద్యకు తొలి బృందం కాగలరు. నెల్లూరికి హైదరాబాదు కంటే చెన్నై దగ్గర. ఎ.ఆర్. రెహమాన్ 2008లో స్థాపించిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ అక్కడే ఉంది. స్టాఫ్ నొటేషన్ నేర్చుకుంటే ఏ దేశపు వాద్యబృందంతోనైనా పనిచేయవచ్చు. కర్ణాటక స్వరజ్ఞానం ఉంటే ఇక్కడి విద్వాంసులతో వారి పరిభాషలోనే మాట్లాడవచ్చు. రెండూ కావాలి.

కలిసి పనిచేసేటప్పుడు పారితోషికం, టైటిల్సులో పేరు, హక్కులు ముందే కాగితం మీద పెట్టుకోవాలి. 2012 కాపీరైటు సవరణ తరువాత పాటల రచయిత, సంగీత దర్శకుడు రాయల్టీలో తమ వాటాను వదులుకుంటున్నట్టు రాసిచ్చినా అది చెల్లదు. వాద్యరచన చేసిన సహాయకుడి పేరు వేయడం సంగీత దర్శకుడి ధర్మం. చేసిన పనికి గుర్తింపు దక్కిన సహచరులే మరుసటి పాటకూ నిలుస్తారు, బృందం నిలిస్తేనే వాద్యరచన ముదురుతుంది.