ఎడిటర్ లేని పేజీలో సాయిబు పేరు

ముస్లిం అస్తిత్వ సాహిత్యం అనగానే 1991 నాటి 'పుట్టుమచ్చ', 1998 నాటి 'జల్‌జలా', 2004 నాటి 'వతన్' గుర్తుకొస్తాయి. వాటి పక్కన బ్లాగుల్ని పెట్టి చూసే విమర్శకులు తక్కువ. చూడాలి. ఎడిటర్ అనుమతి అక్కర్లేని పేజీ మనకు మొదటిసారి దొరికింది అక్కడే.

బ్లాగర్ 1999లో అమెరికాలో మొదలైంది. తెలుగు బ్లాగులు ఊపందుకున్నది 2005 తర్వాత. యూనికోడ్ అక్షరాలకు తోడు 'లేఖిని' వచ్చి ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాయించింది. 'కూడలి' కొత్త టపాలను ఒకచోట చేర్చింది.

మా కొత్తవలస రైల్వే జంక్షను. కిరండూల్ లైను మెయిన్ లైను నుంచి విడిపోయేది ఇక్కడే. మేమూ రెండు లైన్ల మధ్యవాళ్లమే. మా ఉర్దూ ఉర్దూయే కాదంటారు హైదరాబాదు వాళ్లు. 'ఏటి, ఎలాగున్నావు' అనే మా తెలుగును పత్రికలు దిద్దిగానీ వేసుకోవు. అలాంటి మాకు బ్లాగు విముక్తి కావాలి. అయిందా?

కంప్యూటరు ఎవరింట్లో ఉంది? మెకానిక్కు షెడ్డులో పనిచేసే మా కుర్రాడు గంటకింత అని నెట్ సెంటర్లో కట్టాలి. బ్లాగులోకంలో ఎక్కువగా వినిపించింది నగరాల, విదేశాల ఉద్యోగుల గొంతే.

అసలు చిక్కు పేరు దగ్గర వచ్చింది. మిగతావాళ్లకు మారుపేరు ఒక స్వేచ్ఛ, ఒక సరదా. మనం సొంత పేరుతో రాస్తే, వంట గురించి రాసినా దేశభక్తికి పరీక్ష పెడతారు. మారుపేరుతో రాస్తే పరీక్ష తప్పుతుంది, మనమూ తప్పిపోతాం. 2003 యుద్ధకాలంలో బాగ్దాదు నుంచి ఇంగ్లీషులో రాసిన బ్లాగరు 'సలాం పాక్స్' అని పెట్టుకున్నాడు. అరబ్బీలో శాంతి, లాటిన్‌లో శాంతి. మనిషిని దాచుకున్నాడు గానీ అస్తిత్వాన్ని దాచలేదు. మనం ఆ రెంటికీ తేడా గుర్తించామా?

రాజ్యం తేడాలు చూడలేదు. 2006 జూలైలో ముంబై రైలు పేలుళ్ల తర్వాత కొన్ని సైట్లు ఆపమంటే, ఇంటర్నెట్ కంపెనీలు బ్లాగ్‌స్పాట్ మొత్తాన్నే కొన్నాళ్లు ఆపేశాయి. ఎడిటర్ లేడనుకున్న పేజీకి యజమాని ఉన్నాడని అప్పుడే తెలియాల్సింది.

తర్వాత జనం ఫేస్‌బుక్‌కు తరలిపోయారు. టపాలు అనాథలయ్యాయి. 'జల్‌జలా' కాగితం మీద ఉంది కాబట్టే విమర్శకుడి చేతికి అందుతోంది. మన టపాల్ని వెతికి, ఏరి, పేర్లతో సహా అచ్చు వేసుకోవాలి. మాండలికాన్ని దిద్దకుండా వేసుకోవాలి. లేకపోతే రేపు ఎవరో అంటారు: మీరు అప్పుడేం రాయలేదు కదా అని.