ప్రాడా మోడల్ జత

మా మేనల్లుడు మొన్న సత్తెనపల్లి వెళ్తూ గుమ్మంలో ఆగి, "మామయ్యా, ప్రాడా మోడల్ చెప్పులొచ్చాయంట, తెచ్చుకుంటా" అన్నాడు. సాయంత్రానికి తెచ్చి చూపించాడు. కొల్హాపురీ అచ్చు, రెక్సిన్ ఒళ్లు. నాకు ఒళ్లు మండింది ఆ పేరుకి. కొల్హాపురీ ఎప్పుడయ్యా ప్రాడా మోడల్ అయింది?

2025 జూన్‌లో అయింది. మిలాన్‌లో మగవాళ్ల ఫ్యాషన్ షోలో ఇటలీ కంపెనీ ప్రాడా తన మోడళ్లకు అచ్చం కొల్హాపురీల్లాంటివే తొడిగి నడిపించింది. ఉత్త తోలు చెప్పులని చెప్పి ఊరుకుంది, కొల్హాపూర్ ఊసెత్తలేదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో చెరి నాలుగు జిల్లాలకు 2019లోనే భౌగోళిక గుర్తింపు దక్కిన సరుకది. గోల లేచాక గానీ, ప్రేరణ అక్కడిదేనని మహారాష్ట్ర వాణిజ్య మండలికి ఉత్తరం రాయలేదు.

ఆ పెద్ద కంపెనీల వరస ఎప్పుడూ ఇంతే. 2022లో బాలెన్సియాగా చిరిగి మాసిన బూట్లను 1,850 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. చెత్త సంచీ ఆకారంలో తోలు సంచీ చేసి 1,790 డాలర్లంది. ఆ ఏడాది జూలైలోనే మన హీరో విజయ్ దేవరకొండ ముంబైలో 'లైగర్' ట్రైలర్ వేడుకకు 199 రూపాయల చెప్పులేసుకుని వెళ్లాడు. నిరాడంబరమని కొందరు, పొగరని కొందరు. మా క్రోసూరు మిరప చేలల్లో ఆ రకం చెప్పులు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి, ఫొటో తీసినవాడు లేడు. ఏ కారులోంచి దిగిన కాలు అన్నదాన్ని బట్టి తేలుతుంది, అది స్టైలో కాదో.

అయినా చెప్పులతో దర్జా చూపించడం మనకు మిలాన్ వాళ్లు నేర్పాలా? కిర్రు చెప్పులు గుర్తున్నాయా? మా తాత బజారున వస్తుంటే మనిషి కంటే ముందు చప్పుడొచ్చేది. అరుగుల మీద కబుర్లు ఆగేవి. పిల్లలం గోళీలు జేబులో వేసుకునేవాళ్లం. గేదె తోలును సున్నంలో నానేసి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క, కరక్కాయ పట్టించి ఊనేవాళ్లు. అడుక్కి పొర మీద పొర వేసి తోలు దారంతోనే కుట్టు. కొత్త జత కాలిని కొరికి వదిలేది. రాత్రి ఆముదం పట్టించి, పొద్దున తొడిగి, కుంటుతూ నడిచి దారికి తెచ్చుకోవాలి. లొంగిన తర్వాత మాత్రం ఏళ్ల తరబడి కాలు వదిలేది కాదు. మా తాత పాత జతను బాగుచేయించుకున్నాడే గానీ పారేయడం నేను చూడలేదు.

కుట్టిన మనిషికి డబ్బు ముట్టేది కాదు. కల్లం దగ్గర ధాన్యమే మేరగా కొలిచేవాళ్లు. ఆ మేరలోనే చెప్పులూ, బావి నీళ్లు తోడే కపిలకు తోలు బానా, ఎద్దులకు పట్టెడలూ అన్నీ. నాగార్జునసాగర్ కాలవలొచ్చి, మోటార్లొచ్చి కపిలలు పోయాయి, రబ్బరొచ్చి చెప్పులు పోయాయి, మేర కూడా పోయింది.

ఇక్కడిదాకా రాశాక ప్రాడా మీద కోపం నిలబడటం కష్టంగా ఉంది. ఆ కిర్రు చెప్పులు కుట్టినాయన తను కుట్టినవాటినే తొడుక్కుని మా బజారులో నడవడానికి లేదు. పెద్దల ఇళ్ల ముందుకొస్తే విప్పి చేత పట్టుకోవాలి. కిర్రు చప్పుడు చేసే హక్కు కుట్టినవాడికి లేకుండా మేం దాచుకున్నాం. తోలు పనిచేసే కులంలో పుట్టినవాణ్ణి కావ్య నాయకుణ్ణి చేసి, వాడి గోడు గబ్బిలంతో శివుడికి చెప్పించిన కవి జాషువాది మన వినుకొండే. ఆ కావ్యం వచ్చింది 1941లో. అదొచ్చిన చాలా ఏళ్ల తర్వాత కూడా మా బజారులో చెప్పులు చేతుల్లోనే ఉన్నాయి.

ప్రాడా సంగతికొస్తే, 2025 డిసెంబరులో అది మహారాష్ట్ర, కర్ణాటక తోలు పరిశ్రమల సంస్థలతో ఒప్పందం చేసుకుంది. అక్కడి పనివాళ్ల చేత రెండు వేల జతలు కుట్టించి, జత సుమారు 800 యూరోలకు అమ్ముతామంది. అందులో కుట్టినవాళ్లకు ఎంత దక్కుతుందో అడగాల్సిందే, వదలొద్దు. కానీ దొంగ అని మనం వేలు చూపిస్తున్న కంపెనీ ఆరు నెలల్లో ఎవరి పనో ఒప్పుకుని ధర కట్టింది. తరాల తరబడి తొడిగి తిరిగిన మేం ఆ పని చేయలేదు. మా తాత చెప్పులు కుట్టినాయన పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మీ అటక మీద పాత కిర్రు చెప్పులు ఏవైనా ఉంటే, అవి ఎవరు కుట్టారో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి నాకు రాయండి. ఫొటోలు అక్కర్లేదు, ఊరూ పేరూ చాలు. వచ్చినవన్నీ ఇక్కడే అచ్చేస్తాను.