రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి

ఫిలిప్పీన్స్‌లోని సెబు నగరంలో ఏటా జనవరి మూడో ఆదివారం జరిగే సినులోగ్ పండగ అనగానే అందరూ రంగుల గురించీ, డోళ్ల మోత గురించీ చెబుతారు. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ అడుగు. రెండు ముందుకు, ఒకటి వెనక్కి. మూడడుగులు వేస్తే ముందుకు సాగేది ఒక్కటే.

ఆ ఆటంతా సాంతో నిన్యో కోసం, అంటే బాలయేసు కోసం. 1521లో సెబు పాలకుడు రాజా హుమబోన్ భార్య జ్ఞానస్నానం పొందినప్పుడు స్పెయిన్ తరఫున వచ్చిన నావికుడు మాగెల్లన్ కానుకగా ఇచ్చిన కొయ్య విగ్రహం అది. ఎత్తు అడుగుకు అటూ ఇటూ. 1565లో స్పానిష్ సేనాని లెగాజ్పీ దండు వచ్చి ఊరు తగలబడ్డాక, ఆ విగ్రహం కాలిన ఇంట్లో ఓ సైనికుడికి దొరికింది. ఇప్పుడు సెబులోనే అగస్టీనియన్ సన్యాసుల బసిలికా చర్చిలో ఉంది.

అసలు పనితనం చూడాలంటే ఆ బసిలికా దగ్గర కొవ్వొత్తులమ్మే ఆడవాళ్లను చూడాలి. కొన్నవాళ్ల తరఫున వాళ్లే ఆడి మొక్కుతారు. కొవ్వొత్తులు పట్టుకున్న చేతులు పైకి లేస్తాయి, పెదాలు కదులుతుంటాయి, పాదాలు నేలను పెద్దగా వదలవు. ఒళ్లు మాత్రం మెల్లగా ఊగుతుంది. డోలు లేకుండానే లయ నిలబడుతుంది. ఎవరి కోరికో తన ఒంట్లోకి తెచ్చుకుని ఆడటం ఎంత కష్టమో కదా! వాళ్ల ముఖాల్లో ఆ శ్రమ కనిపించదు.

ఈ మొక్కు ఆట వీధి ప్రదర్శనగా మారింది తర్వాతే. 1980లో క్రీడా, యువజన శాఖ అధికారి డేవిడ్ ఒడిలావ్ విద్యార్థులకు వేషాలు కట్టించి, డోళ్లతో వీధిలో ఆడించారు. నేటి ఊరేగింపులకు అదే నాంది. ఇప్పటి దళాల్లో ముందు నడిచే నర్తకి రెండు చేతులా విగ్రహం పట్టుకుని ఉంటుంది. చేతులతో అభినయించే వీల్లేదు. చెప్పవలసిందంతా పాదాలూ నడుమూ కళ్లే చెప్పాలి. పైగా భారీ పావడా. ఆమె వెనక్కి వేసే అడుగును వెనకున్న వరసలన్నీ అదే క్షణంలో వేయాలి, లేకపోతే ఒకరిమీద ఒకరు పడతారు. అంతమంది కలిసి వెనక్కి తగ్గడం ముందుకు ఉరకడం కన్నా కష్టమైన విద్య.

పండగ పోటీలో గెలుపు కోసం కొన్ని దళాలు విన్యాసాల మీద విన్యాసాలు పేరుస్తాయి. ఆ హడావుడిలో అడుగు మాయమవుతుంటే నాకు బాధగా ఉంటుంది. ఎన్ని ఆకారాలు కట్టినా విగ్రహం పైకి లేచి, జనం బాలయేసును వేడుకుంటూ ‘పిట్ సెన్యోర్’ అని కేక వేసేసరికి మళ్లీ ఆ అడుగులోకి వచ్చే దళానికే నా ఓటు.